శత్రుశేషము

మానేరు ఆనకట్ట మీదుగా వచ్చు సాయంకాలపు గాలి మంకమ్మతోటలోని మా అరుగును చేరులోపల కరీంనగరపు మురుగుకాలువలన్నిటిని పలకరించి, వాటి దోమలను వెంటబెట్టుకొని వచ్చుట మాకు అలవాటైన సంగతియే గాని, ఒకనాడు ఆ దోమలు మోసిన పురుగును గూర్చి మా యింట బావ బావమరదులకు రాత్రి భోజనము చల్లారువరకు వాగ్వాదము జరుగునని నేనెన్నడును అనుకొనలేదు. ఆ ఇద్దరిలో పెద్దవారు ఉట్నూరులో బహుకాలము పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొనుచున్న పంతులుగారు. చిన్నవారు పాత కరీంనగర జిల్లాలో, కోరుట్ల మొదలు మంథని దాక, గొడ్డుగోదలకు వైద్యము చేసి ఇటీవలనే కొలువు చాలించిన పశువుల డాక్టరుగారు. వారి నడుమ గోనెపట్టా మీద మోతి పడియున్నది. పంతులుగారి కుమారుడు కేంద్ర బలగములలో పని చేయుచు గౌహతిలో కొన్నేండ్లుండి, రెండేండ్ల క్రిందట బదిలీపై వచ్చునప్పుడు తెచ్చి తండ్రికి అప్పగించిన ఆల్సేషియన్ అది. మూడు నెలలనుండి దగ్గు. ఆ దగ్గును పడిశమనుకొని తేనెరంగు సీసాలు తాగించిన మహానుభావు డెవరో చెప్పను. ఈలోపల కుక్క డొక్కలెండినవి, పొట్టలో నీరు దిగినది, మెట్టెక్కబోయి ఒకనాడు సొమ్మసిల్లి పడినది.

డాక్టరుగారు తన పాత మైక్రోస్కోపు తెచ్చి, అద్దపు పలక మీద ఒక నెత్తుటి చుక్కను పరచి నన్నుగూడ చూడుమనిరి. ఎర్రకణముల గుంపులో వెంట్రుకకన్న సన్నని జీవియొకటి, చుట్టునున్న కణములను అటునిటు నెట్టుచు, ఉన్నచోటు విడువకుండ, గాలమునకు తగులుకొన్న వానపామువలె మెలికలు తిరుగుచున్నది. చర్మము క్రింద బ్రదుకు సాధుజాతి పురుగు పిల్లయైనచో పలకకు అడ్డముగా ఈదుకొని పోవునట. ఇది యున్నచోటనే కొట్టుకొనుట అపశకునమట. హైదరాబాదులో తీయించిన గుండె స్కానింగు చిత్రములో నల్లని మైదానము నడుమ చిన్న చిన్న జంటగీతలు, లెక్కల పుస్తకములోని సమాన చిహ్నములవలె, కనబడుచుండెను. ఆ గీతలజంట యొక్కొక్కటి ఒక్కొక్క గుండెపురుగు.

పంతులుగారు: బామ్మర్దీ, ఋణశేషము, వ్రణశేషము, శత్రుశేషము ఉంచరాదని పెద్దలన్న మాట నీవు ఎరుగనిది కాదు. రోగమేదో తెలిసినది, పురుగు ఎక్కడనున్నదో కంటబడినది. ఇంక ఆలోచన ఎందులకు? రేపు సూర్యోదయము లోపల వానినన్నిటిని చంపు మందు వేయుము. నీయొద్ద లేకున్న నాయొద్దనే యున్నది.

(అనుచు ఆయన గుడ్డసంచిలో చేయిపెట్టి కాగితపు పొట్లమొకటి తీసిరి. అందులో తెల్లని మాత్రలు మూడును, వేరొక పెద్ద మాత్రయు నున్నవి.)

డాక్టరుగారు: ఇవి మీకెక్కడివి బావా?

పంతులుగారు: ఎక్కడివేమి? మొన్న మీ చెల్లెలింటికి ఈ యూరికి వచ్చినప్పుడు బోదకాలు మాత్రలవారు ఇంటింటికి తిరిగి పంచినవి. బోదకాలు పురుగు నెత్తుటిలోనిదే, ఇదియు నెత్తుటిలోనిదే. మనిషి పురుగును చంపునది కుక్క పురుగును చంపదా?

డాక్టరుగారు: అయితే మీరు మింగలేదన్నమాట! 2004 నుండి ప్రభుత్వమువారు ఏటేట ఈ కరీంనగరములో గడపగడపకు తిరిగి ఎదుట నిలుచుండి మింగించుచుండగా, పదిమందికి చెప్పవలసిన పంతులుగారు పొట్లము కట్టి సంచిలో దాచిరి. ఆ ముచ్చట అటుంచుడు. ఈ మూడు మాత్రలు మోతి గొంతులో పడియుండినచో గంట తిరుగకముందే మీ కుక్క మీకు దక్కకుండెడిది. వీని పేరు డైఇథైల్‌కార్బమజైన్. భీమవరములో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీవారి పరిశోధనలకు పెద్దగా నుండగా, 1947లో హెట్రజానను పేర వెలువడిన మందిది. మనుష్యులకు అది వరప్రసాదము. ఒకప్పుడు విదేశములలో గుండెపురుగు రాకుండుటకు కుక్కలకు సైతము దీనిని దినదినము పెట్టెడివారు. కాని పెట్టుటకు ముందు నెత్తురు పరీక్షించి, పిల్లపురుగు లేదని రూఢి చేసికొనెడివారు. నెత్తుటినిండ పిల్లపురుగులున్న కుక్కకు ఇది పడెనా, దేహమంతయు ఒక్కసారిగ తిరుగబడును. వాంతి యగును, గుండె మందగించును, కాళ్లు చల్లబడును. మందు మంచిదే, చుట్టరికము చూచుకొనక వేసినచో విషము.

పంతులుగారు: సరి, అది వద్దు. మరియొకటి చెప్పుము. పాషాణమున్నదట గదా? మా అబ్బాయి చదివి వినిపించెను.

డాక్టరుగారు: ఉన్నది. మెలార్సొమిన్. అది పాషాణ సంబంధమైనదే, ఆర్సెనిక్కు. కుక్క బరువులో కిలో ఒక్కింటికి రెండున్నర మిల్లీగ్రాముల చొప్పున నడుము కండలో లోతుగా పొడువవలెను. మొదట ఒక సూది. నెల గడచిన పిమ్మట రెండు సూదులు, వానికి నడుమ ఒక్క దినము ఎడము. ఈ విధముగా మూడు సూదులు పడినచో నూటికి తొంబదియెనిమిది పురుగులు చచ్చునని లెక్క. వరుసగా రెండే వేసినచో తొంబది.

పంతులుగారు: తొంబదియెనిమిది! ఆ మాట ముందుగనే చెప్పక ఇంతసేపు నన్ను మాత్రలకై మందలించితివి. తెప్పించుము. రొక్క మెంతయైనను సరే, మా అబ్బాయి పంపును.

డాక్టరుగారు: తెప్పించుట సులభము కాదు, మన దేశపు మందుల అంగళ్లలో అది దొరకుట దుర్లభము. దొరకినదే అనుకొందము. బావా, మీరు బడిలో పిల్లలకు నులిపురుగుల మాత్రలు మింగించి, మరునాడు ఎందరికి పురుగులు పడినవో లెక్క అడిగి యుందురు. కడుపులో చచ్చినది బయటికి పోవుటకు త్రోవయున్నది. ఇది యుండు తావు కుడి గుండెనుండి ఊపిరితిత్తులకు నెత్తురు మోయు పెద్ద ధమని. ఆడపురుగు జానెడు దాటి జానెడుంబావు పొడవు, అనగా ఇరువదియైదు మొదలు ముప్పది సెంటీమీటర్లు. ఉడికిన సేమ్యా పోగువలె తెల్లగా నుండును. అటువంటివి ముప్పదియో నలువదియో ఒక్క మారు చచ్చినవనుకొనుడు. వెనుకకు త్రోవ లేదు. నెత్తుటి వడి వానిని ముందుకే నెట్టును. ముందుకు పోనుపోను గొట్టము సన్నబడును. పీలికలుపీలికలైన ఆ శవములు ఊపిరితిత్తుల సందుగొందులలో ఇరుక్కొని, వాని చుట్టు నెత్తురు గడ్డకట్టి, అక్కడి మాంసము వాచి, కుక్క నెత్తురు దగ్గి చచ్చును. సూది వేసిన ఏడవ దినము మొదలు పదునేడవ దినము దాక ఆ గండము మిక్కుటము. పురుగు బ్రదికియున్నప్పుడు గోడ నంటి పడియుండును. మీరనిన శత్రుశేషము, ఈ రోగమున, చచ్చిన తరువాతనే మొదలగును.

(ఈ మాటతో పంతులుగారు కొంతసేపు మాటాడలేదు. ఆయనకు మాట తోచకపోవుట నేను చూచినది తక్కువ. లోపలినుండి మా ఇంటావిడ తెచ్చిన చాయ చల్లారినది. మోతి రెండుమార్లు దగ్గి, కంఠమున ఏదో అడ్డుపడినట్లు మెడ సాచి, మరల తల వాల్చినది.)

పంతులుగారు: అయితే నీ యభిప్రాయమేమి? చంపవద్దందువా?

డాక్టరుగారు: చంపవలెను, తొందరపడి చంపరాదు. నెలనెలకు ఐవర్‌మెక్టిన్ స్వల్పమాత్రలో, కిలోకు ఆరు మైక్రోగ్రాములు. మొదటి నాలుగు వారములు పూటకు కిలోకు పది మిల్లీగ్రాముల చొప్పున రెండు పూటల డాక్సీసైక్లిన్. ఈ రెండవది ఎందుకని మీరడుగుదురు. ఈ పురుగు కడుపులో వోల్బాకియా యను సూక్ష్మజీవి కాపురమున్నది. అది లేనిదే పురుగుకు ఎదుగుదల లేదు, సంతానము లేదు. పురుగు చచ్చినప్పుడు కుక్క దేహమున రేగు మంటలో సగము పాపము ఆ లోపలి జీవిదే. దానిని ముందుగ డాక్సీసైక్లిన్‌తో చంపినచో పురుగు గొడ్రాలై, నీరసించి, మెల్లమెల్లగ కరగును. తుదకు చచ్చినను అంత అల్లరి చేయదు. డాక్సీసైక్లిన్ వంశమునకు మూలపురుషుడైన ఆరియోమైసిన్ గూడ లెడర్లీవారి ఇంటనే, సుబ్బారావుగారి ఏలుబడిలోనే పుట్టి, ఆయన గతించిన 1948లోనే లోకమునకు వెల్లడియైనది. మీ సంచిలోని మాత్రకును నా చీటిలోని గొట్టమునకును పుట్టినిల్లు ఒక్కటే బావా!

పంతులుగారు: పుట్టినిల్లు సంగతి బాగున్నది, మెట్టినింటి సంగతి చెప్పుము. ఈ మెల్లని మార్గమున పురుగులన్నియు పోవుటకు ఎంతకాలము?

డాక్టరుగారు: ఏడాదికి తక్కువ కాకపోవచ్చును. కొన్నిటికి రెండేండ్లు దాటును.

పంతులుగారు: రెండేండ్లు! ఎనిమిదేండ్ల కుక్కకు రెండేండ్లనగా మనకు పదునైదేండ్ల పెట్టు. అంతకాలము అవి ధమనిగోడను గీరుచునే యుండును గదా? వాచినది వాచుచునే యుండును గదా? మా అబ్బాయి అమెరికాలోని గుండెపురుగు వైద్యుల సంఘమువారి ఉపదేశమునే చదివి వినిపించెను: పాషాణమే సరియైన మార్గము, మెల్లగ చంపుటను మేము ఒప్పుకొనమని వారు స్పష్టముగ వ్రాసినారట. లోకమంతయు ఒప్పినదానిని కాదని నీవు మంథని మార్గము పట్టుచున్నావు. దొరకని మందు మంచిది కాదనుట నక్క ద్రాక్షపండ్ల కథవలె నున్నది.

డాక్టరుగారు: (కొంచెము నొచ్చుకొని) ఆ సంఘమువారు చెప్పినది తప్పని నేననను. మీరు చెప్పిన దోషము యథార్థమే. మెల్లని మార్గమున ఊపిరితిత్తులకు తగులు దెబ్బ తగులుచునే యుండును. నేను ఇంటిలో దొరకు పప్పుతో వంట చేయువాడను. ఆ పాషాణము నా చేతికి వచ్చిన దినమున నేనే ముందుగ సూది పట్టుదును. అంతవరకు చేతులు కట్టుకొని కూర్చుండుటకన్న ఇది మేలు. ఇంకొక సంగతి. ఈ నెత్తుటిలోని పిల్లపురుగు లున్నంతకాలము మోతి ఒక్కటే రోగి కాదు. దోమ దానిని కుట్టి ఆ పిల్లలను మ్రింగును. పదిపదునాలుగు దినములలో అవి దోమ దేహమున రెండుమార్లు కుబుసము విడిచి ముట్టెకు చేరును. ఆ దోమ మరియొక కుక్కను కుట్టినచో ఆరేడు నెలలకు అక్కడ గుండెపురుగులు తయారు. అస్సాము, మిజోరాము మొదలగు ఈశాన్య రాష్ట్రములలో ఈ రోగము పాతకాపు. మన దక్షిణాపథమున కుక్క నెత్తుటిలో పిల్లపురుగు కనబడినచో తరచుగ అది చర్మము క్రింది జాతిదే యగును. మీ మోతి బ్రహ్మపుత్ర ఒడ్డునుండి తెచ్చినదానిని ఉట్నూరు దోమలకు పంచిపెట్టకుండ ఆపుట నా మొదటి పని.

పంతులుగారు: (గొంతు తగ్గించి) ఆ మాట మీదనే అడుగుచున్నాను. మనుమలు దానితో ఆడుచుందురు. బోదకాలు…

డాక్టరుగారు: రాదు. బోదకాలు పురుగు మనిషినుండి దోమకు, దోమనుండి మనిషికి మాత్రమే. కుక్కకు దానితో పని లేదు. కేరళవైపు చర్మము క్రింది జాతి పురుగు అరుదుగ మనిషి కంటి పొరక్రింద కనబడుట కద్దు; కంటివైద్యులు దానిని సులువుగ తీసివేయుదురు. దోమతెర కట్టుడు, పిల్లలకును కుక్కకును. బేగంపేటలో రాసు దొర 1897లో దోమ కడుపు కోసి మలేరియా గుట్టు బయటపెట్టిన మూడేండ్లకే, ఇటలీలో గ్రాసీ, నోయే అనువారు ఈ గుండెపురుగును గూడ దోమయే మోయునని తేల్చిరి. నూటయిరువది యేండ్లు దాటినది. మన కాలువలు మాత్రము అట్లనే యున్నవి.

(ఇక్కడ నేను కలుగజేసికొని, మా ప్రక్కవీథిలోని గొల్లవారియొద్ద గొఱ్ఱెలకు వేయు ఐవర్‌మెక్టిన్ సీసా యున్నదని, రేపటికి ఆగనక్కరలేదని చెప్పితిని. డాక్టరుగారు నన్ను చూచిన చూపు నేను మరువను. మా మనుమరాలి పలక తెప్పించి లెక్క వేసిరి. సీసాలోని మందు నూటికి ఒకటి. అనగా ఒక మిల్లీలీటరులో పది మిల్లీగ్రాములు. మోతి ముప్పది కిలోలు. దానికి కావలసినది 180 మైక్రోగ్రాములు. అనగా మిల్లీలీటరులో వేయింట పదునెనిమిది పాళ్లు. సూది మొనకు అంటుకొన్న తడి అంత. గొఱ్ఱెల అలవాటున అరమిల్లీలీటరు లాగినచో ఇరువదియేడు రెట్లు పైమాట. నేను నోరు మూసికొంటిని.)

పంతులుగారు: సరే, నీ మందు నీవు వేయుము. పథ్యమేమి?

డాక్టరుగారు: పథ్యమా? అదియే అసలు మందు. నడక వద్దు, పరుగు వద్దు, మెట్లు వద్దు. కాలకృత్యములకు గొలుసుతో నాలుగడుగులు, అంతే.

పంతులుగారు: (ఒక్కసారిగా లేచి) అది కుదరదు! ఉట్నూరులో తెల్లవారుజామున అది నన్ను లేపి గుట్టదాక నడిపించినది గాని నేను దానిని నడిపింపలేదు. నా చెప్పుల కిర్రు వినబడినచో చాలు, చచ్చినదైనను లేచును. అటువంటి ప్రాణిని గుంజకు కట్టి రెండేండ్లు బ్రదికించుట వైద్యమా, జైలుశిక్షా? ఓదెల మల్లన్న జాతరలో ఒగ్గువారి కథ వినలేదా? స్వామి వెంట కుక్క పరుగులు తీయవలసినదే. ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గమునకు పోనన్నాడు, కట్టివేసి తీసికొనిపోదుననలేదు.

డాక్టరుగారు: భారతము కొసను పట్టుకొన్నారు, మొదలు మరచితిరి. జనమేజయుని తమ్ములు సరమ కొడుకును ముందువెనుకలు చూడక కొట్టిరి. అది మంచిదా కాదా యని తలపోయక చేసినవారికి తెలియని దెసనుండి భయము వచ్చునని ఆ తల్లికుక్క నిండు సభలో చెప్పిపోయినది. మీరు ప్రేమతో చేయించు పరుగును అట్టి దెబ్బయే. వినుడు: పురుగుల సంఖ్యకును రోగపు తీవ్రతకును సరిపోలిక లేదు. పురుగులు పదే యుండి వేటకు పరుగెత్తు కుక్క కూలిపోవును. ఏబది పురుగులుండి గడపలో పండుకొను కుక్క దగ్గును దాటకపోవచ్చును. పరుగెత్తినప్పుడు ఊపిరితిత్తులకు పోవు నెత్తురు ఎన్నో రెట్లగును. వాచి, ముడుచుకొనిపోయిన గొట్టములలో అంత వరద పట్టదు. అడ్డుపడిన పీలిక ఉన్నచో ఇంక చెప్పనక్కరలేదు. పాషాణ మార్గమునందైనను, నా మంథని మార్గమునందైనను, ఈ నియమము మార్పులేనిది. తుది సూది తరువాత గూడ ఆరేడు వారములు కదలరాదు.

పంతులుగారు: ఇంకను ముదిరినచో?

డాక్టరుగారు: రోగమునకు నాలుగు మెట్లు, మోతి మూడవదానిపై నున్నది. నాలుగవదానిపై పురుగులు గుండెనుండి వెనుకకు మహాసిరలోనికి తిరుగబడి కవాటమున చిక్కుకొనును. ఎర్రకణములు నలిగి చితికి, మూత్రము కాఫీ డికాక్షనువలె వచ్చును. అప్పుడు పురుగును చంపు ఏ మందును వేయరాదు. మెడలోని కంఠసిరను కోసి, సన్నని పొడవైన పటకారును గుండెదాక దింపి, పురుగులను ఒక్కొక్కటిగా, తెగకుండ, లాగవలెను. చేయగలవారి యొద్దకు సకాలమున చేరినచో కొన్ని బ్రదుకును. కావున ప్రతి ఉదయము మూత్రపు రంగు చూడుడు. చీకటిలో గాదు, వెలుతురులో.

(పంతులుగారు మరల కూర్చుండిరి. కొంతసేపటికి, పాఠము చివర ప్రశ్న మిగిల్చుకొను అలవాటుతో, తీర్పు చెప్పువాని కంఠమున అడిగిరి.)

పంతులుగారు: నేను పాషాణమునకై అబ్బాయిచేత వ్రాయింతును. అది వచ్చువరకు నీ మార్గము. వచ్చిన తరువాత నా మార్గము. ఇందులో ఎవ్వరి మాట నెగ్గినట్లు?

డాక్టరుగారు: ఇంకను ఎవ్వరిదియు నెగ్గలేదు బావా. ఆ అమెరికా సంఘమువారి మార్గమున గూడ మొదటి సూది అరువదవ దినముననే. అంతకు ముందు వారును చేయునది డాక్సీసైక్లిన్, నెలనెల ఐవర్‌మెక్టిన్, దగ్గుకు ప్రెడ్నిసోలోన్, గుంజకు కట్టుట. రెండు త్రోవలును అరువది దినములదాక ఒక్కటే. పోట్లాట అటు తరువాత పెట్టుకొందము.

పంతులుగారు పొట్లములోని మాత్రలను డాక్టరుగారి చేతిలో పెట్టిరి. ఆయన వానిని జేబులో వేసికొని, బోదకాలు మాత్రలవారు మరల వచ్చినప్పుడు తన యెదుట మింగవలెనని షరతు పెట్టిరి. లోపల వడ్డన ఆరంభమైనది. మోతి కన్నులు మూసికొని, డొక్కలు ఎగురవేయుచు, నిద్రలో నున్నది. భోజనమునకు లేచిన పంతులుగారు అరుగు దిగువనున్న తమ కిర్రుచెప్పులలో కాలు పెట్టబోయి, కుక్కవైపు చూచి, కాలు వెనుకకు తీసికొనిరి. వంగి ఆ జోడును చేతబట్టుకొని, ఒట్టికాళ్లతో, దాని ప్రక్కనుండి చప్పుడు కాకుండ లోనికి పోయిరి.